రెండు రౌండ్లు చాలన్నావు

పాండేసర, సూరత్
3 మార్చి 2021

ఊర్మిళా,

నువ్వు నా నంబరు బ్లాక్ చేశావు. నిన్న సాయంత్రం అడాజన్‌లో మీ సొసైటీకి వస్తే వాచ్‌మన్ గేటు తీయలేదు. "మేడమ్ నే మనా కియా హై" అన్నాడు, మేడమ్ వద్దన్నారని. రెండు నెలలుగా వారానికి మూడుసార్లు నవ్వుతూ గేటు తీసిన మనిషి తల తిప్పుకుని నిలబడ్డాడు. రెండు ఆటోలు మారి, తాపీ నది దాటి వచ్చినదాన్ని అలాగే వెనక్కి వెళ్ళాను. అందుకే ఈ ఉత్తరం.

అమూల్య ఎలా ఉంది? అది చెప్పు చాలు.

ఆదివారం నుంచి కళ్ళు మూస్తే అదే కనిపిస్తోంది. కార్నర్ నుంచి ఫుట్‌బాల్ వచ్చింది. తలతో కొట్టడానికి ఎగిరింది. ఎడమకాలు ఒక్కదాని మీదే దిగింది. మోకాలు లోపలికి మడతపడింది. ఎవరూ తోయలేదు, ఎవరి కాలూ తగల్లేదు. నువ్వు పరుగెత్తుకొచ్చి, అంతమంది తల్లిదండ్రుల ముందు "నా బిడ్డ కాలు విరగ్గొట్టావు కదే" అని అరిచావు. తెలుగులోనే అరిచావు, కానీ నీ చెయ్యి నా వైపు చూపిస్తుంటే అక్కడ అర్థం కానిదెవరికి? నేనేమీ మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడటం లేదు.

ఒక్క విషయం మాత్రం విను. నూనె మర్దన చేయించకు. కట్లు కట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకు. ఎమ్మారై తీయించు. హన్మకొండలో డిగ్రీ చివరి సంవత్సరం నా మోకాలు పోయినప్పుడు మైదానంలోంచి నన్ను మోసుకెళ్ళినదానివి నువ్వే. ఆముదం రాసి ఆరు నెలలు మంచంలో పడేశారు. ఆ తర్వాత నేను మళ్ళీ ఆడిందీ లేదు. నీ కూతురికి అలా జరగనివ్వకు.

భాగ్య

అడాజన్, సూరత్
15 మార్చి 2021

శ్రీమతి భాగ్యలక్ష్మి గారికి,

"మీరు" అని రాద్దామనే మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు రాసి చింపేశాను. మీరు అంటూ తిట్టడం నాకు రాదు.

అమూల్య ఎలా ఉందని అడిగావు కదా. చెబుతాను, విను. మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంటు పూర్తిగా తెగిపోయింది. పక్కనున్న మెత్త లాంటి మృదులాస్థి కూడా చిరిగింది. ఆపరేషన్ ఏప్రిల్ 12న. ఆ తర్వాత కనీసం తొమ్మిది నెలలు బంతి ముట్టుకోకూడదు. జూన్‌లో జిల్లా జట్టు ఎంపిక ఉందని అది క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టుకుంది. నిన్న ఆ కాగితం చింపేసి, మిగతా నెలలు గోడకు వదిలేసింది. పద్నాలుగేళ్ళ పిల్ల బాత్‌రూమ్‌కి వెళ్ళాలన్నా నన్ను పిలవాల్సి వస్తోంది. పిలవడానికి సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేసింది.

డాక్టరు దాన్ని ఏమడిగాడో తెలుసా? "ఆటకు ముందు వార్మప్ ఏం చేయిస్తారమ్మా?" అని. "రెండు రౌండ్లు పరుగు, అంకుల్" అంది. "అంతేనా?" "అంతే." ఆయన పెన్ను కింద పెట్టాడు. ఆడపిల్లలకు ఈ వయసులో ఈ లిగమెంటు తెగే ప్రమాదం మగపిల్లల కంటే ఎక్కువట. దూకడం, దిగడం, ఒక్కసారిగా పక్కకు తిరగడం ఒంటికి ముందే నేర్పితే చాలా మోకాళ్ళు నిలుస్తాయట. "ఆ కోచ్‌కి ఈ సంగతి తెలియదా?" అన్నాడు.

నీకు తెలియదా భాగ్యా? అహ్మదాబాద్‌లో కోచింగ్ లైసెన్సు తీసుకున్నదానివి. ఒక మోకాలు పోగొట్టుకుని బతుకుతున్నదానివి. మగ్గాల షెడ్డులో కండెలు చుట్టుకుంటున్న నిన్ను వెతికి, "పిల్లలకు నువ్వే నేర్పాలి" అని తెచ్చింది నేను. నా నమ్మకానికి ఇదా బదులు?

సొసైటీ కమిటీకి ఫిర్యాదు రాసిచ్చాను. నువ్విక ఈ గ్రౌండులో అడుగు పెట్టవు. నువ్వు వేరేచోట పిల్లల్ని చేరదీసినా ఆపించడానికి నాకు చేతనైనంతా చేస్తాను.

ఊర్మిళ

పాండేసర, సూరత్
24 మార్చి 2021

ఊర్మిళా,

నాకు తెలియదా అని అడిగావు. ఇక మాట్లాడతాను.

జనవరి 17, ఆదివారం. మీ క్లబ్‌హౌస్. గుర్తుందా, గుర్తు లేదా? కరోనా నిబంధనల వల్ల ఒక్కో బ్యాచ్‌కి గ్రౌండు నలభై అయిదు నిమిషాలే ఇస్తున్నారు. అందులో ఇరవై నిమిషాలు నేను వార్మప్ చేయించేదాన్ని. నెమ్మదిగా పరుగు, పక్కవాటు పరుగు. ఒంటికాలి మీద నిలబడి బంతి అందుకోవడం. మోకాళ్ళ మీద కూర్చున్న పిల్ల మడమల్ని వెనకనుంచి ఇంకో పిల్ల పట్టుకుంటే, ముందుకు మెల్లగా వాలడం. పిల్లలు తొడలు నొప్పని గొణిగేవాళ్ళు గాని చేసేవాళ్ళు. నీ కూతురు అందరికంటే బాగా చేసేది.

మీ పెద్దవాళ్ళకే నచ్చలేదు. ఒకాయన లేచి "ఆ బధూ ఘరే కరావో నే, బెన్. అహీ తో రమవా దో" అన్నాడు. ఇవన్నీ ఇంట్లో చేయించుకోండి, ఇక్కడ ఆడనివ్వండి అని. ఇంకొకావిడ, "పది నెలలు ఫ్లాట్లో బందీగా ఉన్న పిల్లలు, బంతి తన్నడానికి వస్తే పీటీ క్లాసా?" అంది. పది నెలలు కదలని పిల్లలకే ఇది ఎక్కువ అవసరమని నాకొచ్చిన హిందీలో చెప్పబోయాను. నీ వైపు చూశాను. నువ్వు చెబుతావనుకున్నాను. నువ్వు లేచావు. "వీళ్ళంటున్నది నిజమే భాగ్యా. రెండు రౌండ్లు పరుగెత్తిస్తే చాలదా?" అన్నావు.

"జర పదినిమిషాలన్న ఉండనియ్యి ఊర్మీ" అని అందరి ముందూ బతిమాలాను. బయటికొచ్చాక మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని ఏమన్నావు? "నిన్ను తెచ్చింది నేను. నా పరువు తీయకు." ఆ సాయంత్రమే గ్రూపులో మెసేజ్ పెట్టింది నువ్వు: రేపటి నుంచి రెండు రౌండ్లు, తర్వాత ఆట. కింద పద్దెనిమిది బొటనవేళ్ళు.

ఈ మాట ఆ రోజు గ్రౌండులో చెప్పగలిగేదాన్ని. బిడ్డ నేలమీద పడి ఏడుస్తుంటే తల్లిని నిలదీస్తారా అని ఊరుకున్నాను. కమిటీవాళ్ళు పిలిచి "నువ్వేం చెబుతావు" అంటే తలవంచుకున్నాను. వాళ్ళ ముందు నీ పేరు తీయబుద్ధి కాలేదు. దానికి నువ్విచ్చిన బదులు, వేరేచోట కూడా ఆపిస్తానని.

నీ ఉత్తరం మా ఆయన సోమలింగానికి చదివి వినిపించాను. ఆయన నిన్ను ఒక్క మాటా అనలేదు. నన్నే అన్నాడు. "గా దినం నోరు మూసుకున్నవ్. పని పోతదని భయపడ్డవ్. గిప్పుడు ఎవరి మీద ఒర్రుతున్నవ్?" మగ్గాలు సగం ఆగి ఉన్నాయి, నిజమే, భయపడ్డాను. ఆ కోపం నా మీద నాకుంది. నీ మీద వేరే ఉంది. రెండూ కలిపి ఒక్కటే అనుకోకు.

భాగ్యలక్ష్మి

అడాజన్
8 ఏప్రిల్ 2021

భాగ్యలక్ష్మికి,

మందు వద్దని రోగి బంధువులు గొడవచేస్తే డాక్టరు నీళ్ళు పోసి పంపిస్తాడా? నేను బ్యాంకు మనిషిని. ఆటలు వదిలేసి ఇరవై ఏళ్ళయింది. రెండు రౌండ్లు చాలదా అని అడిగాను. అది ప్రశ్న. "చాలదు, ఇలాగైతే నేను చేయించను" అని వెళ్ళిపోవాల్సింది నువ్వు. కోచ్‌వి నువ్వా, నేనా? లోపలికి మడతపడే మోకాలు ఎలా ఉంటుందో ఆ గదిలో తెలిసింది నీ ఒక్కదానికే. తెలిసీ విజిల్ ఊదావు.

ఆపరేషన్ వాయిదా పడింది. ఆసుపత్రిలో ఆ అంతస్తు మొత్తం కోవిడ్ మంచాలే. మళ్ళీ ఎప్పుడో వాళ్ళకే తెలియదట. కిటికీలోంచి అంబులెన్సుల చప్పుడు, పక్కగదిలో అమూల్య ఏడుపు. నాకిక ఉత్తరాలు రాయకు.

ఊర్మిళ

పాండేసర
11 మే 2021

ఊర్మిళా,

రాయొద్దన్నావు. ఇది అమూల్య కోసం.

ఆపరేషన్ ఆలస్యమైనా కాలును పడుకోబెట్టకూడదు. వెల్లకిలా పడుకుని, మడమ కింద దుప్పటి చుట్ట పెట్టుకుని, మోకాలిని కిందికి నొక్కమను. అయిదు లెక్కపెట్టి వదలమను. కాలు పూర్తిగా చాచడం ఇప్పుడు రాకపోతే ఆపరేషన్ తర్వాత ఇంకా కష్టం. తొడ సన్నబడనివ్వకు. ముందు డాక్టర్‌కి ఫోన్ చేసి అడుగు, ఆయన సరేనంటేనే చేయించు. పరుగు, దూకడం, పక్కకు తిరగడం మాత్రం వద్దే వద్దు.

మా ఇద్దరికీ జ్వరం వచ్చి తగ్గింది. సోమలింగానికి ఇంకా ఆయాసముంది, మెట్లు ఎక్కలేకపోతున్నాడు. మిల్లు మూడు షిఫ్టుల్లో ఒకటే నడుస్తోంది. మా గల్లీలో ఇద్దరు పోయారు.

మంచం మీద పడుకున్న పన్నెండు రోజులూ నీ మాటే నమిలాను. తెలిసీ విజిల్ ఊదానన్నావు. ఊదాను. అయితే నువ్వు అడిగింది ప్రశ్న అన్నావే, అది అబద్ధం. మెట్ల మీద నువ్వన్నది ప్రశ్న కాదు.

భాగ్య

అడాజన్, సూరత్
29 ఆగస్టు 2021

భాగ్యా,

మే నెలలో నువ్వు రాసిన వ్యాయామం చేయించాను. డాక్టరు కూడా అదే చెప్పాడు. నీ పేరు చెప్పకుండా చేయించాను. జూలై 6న ఆపరేషన్ అయింది. కాలు బాగా చాస్తోందని మెచ్చుకున్నారు. నువ్వు చెప్పినవని అమూల్యకు అప్పుడూ చెప్పలేదు.

పోయిన నెలాఖరున అది తన ఎమ్మారై కాగితాల కోసం అలమారా వెతికి నీ ఉత్తరాలు చూసింది. దానికి తెలుగు కూడబలుక్కుని చదవడమే వచ్చు. మధ్యాహ్నమంతా కూర్చుని చదివినట్టుంది. నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి ఊతకర్రలు ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చుని ఉంది.

"మమ్మీ, సచ్ బోలో. వార్మప్ ఆపించింది నువ్వా?"

"అందరూ అన్నారురా. నేనొక్కదాన్నే కాదు."

"గ్రూప్‌లో మెసేజ్ ఎవరు పెట్టారు?"

"నేనే."

"కమిటీ అంకుల్ నిన్ను అడగలేదా?"

అడిగారు భాగ్యా. ఇది నీకు తెలియదు. ఫిర్యాదు ఇచ్చిన రోజున చైర్మన్‌గారు, "వార్మప్ తగ్గించమని మనవాళ్ళే ఎవరైనా అన్నారా మేడమ్?" అని అడిగారు. ఆయన ఆ జనవరి మీటింగ్‌కి రాలేదు. నేను లేదన్నాను. ఆవిడే మానేసింది అన్నాను. అలా అబద్ధమాడానని నా కూతురికి చెప్పాల్సి వచ్చింది.

అది అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నా మోకాలి గురించి మీరిద్దరూ ఇన్ని ఉత్తరాలు రాసుకున్నారు. నాతో ఒక్కరూ చెప్పలేదు. నాదే తప్పనుకున్నా మమ్మీ. దిగడం రాలేదనుకున్నా. అయిదు నెలల నుంచి రోజూ అనుకున్నా" అంది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అప్పటినుంచి నాతో మాటల్లేవు. నీళ్ళు, మందు, ఫిజియో, అంతే.

డాక్టర్‌ని ఒంటరిగా కలిసి అడిగాను, ఆ ఇరవై నిమిషాలు ఆపకపోయి ఉంటే నా బిడ్డ మోకాలు దక్కేదా అని. "ఈ ఒక్క మోకాలి గురించి ఎవరూ చెప్పలేరు. ఒక జట్టులో అందరూ చేస్తే తప్పకుండా తక్కువ మోకాళ్ళు తెగుతాయి. మీ అమ్మాయిది ఆ తక్కువలో ఉండేదో కాదో దేవుడికే తెలియాలి" అన్నాడు. పూర్తిగా శిక్షా వేయలేదు, పూర్తిగా విడిచీ పెట్టలేదు. ఆయన మీద కూడా కోపమొచ్చింది. ఈ మధ్య నాకు ఎవరి మీదైనా వస్తోంది. అందరికంటే ఎక్కువ నీ మీదే. నువ్వు ఆ రోజు కమిటీలో నా పేరు చెప్పి ఉంటే నాకీ అబద్ధం మిగిలేది కాదు.

పోయిన ఆదివారం కమిటీ ముందు నిజం చెప్పాను. గదిలో అందరూ నేలచూపులు చూశారు. చైర్మన్‌గారు "ఛోడో నే బెన్, హవే శూ?" అన్నారు. ఇప్పుడెందుకు ఆ గొడవ అన్నట్టు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ రాసిచ్చాను, నకలు ఇందులో పెట్టాను. నిన్ను మళ్ళీ పిలవమని అడిగాను. ఒప్పుకోలేదు. కొత్తగా ఒక కుర్రాణ్ణి పెట్టారు. బ్యాంకుకు వెళుతూ గేటు దగ్గర ఆగి చూశాను. పిల్లలు రెండు రౌండ్లు పరుగెత్తారు. విజిల్ ఊదాడు.

క్షమించమని అడగడానికి ముఖం లేదు.

ఊర్మిళ

పాండేసర, సూరత్
14 సెప్టెంబరు 2021

ఊర్మిళా,

కమిటీవాళ్ళు నిన్ను అడగనే లేదేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. అడిగితే నువ్వు లేదంటావని నా ఊహలో కూడా లేదు. నీ ఉత్తరం చదివి మడిచి, గిన్నెలు తోముతూ ఒక్కో గిన్నెనూ నేలకేసి కొట్టాను. సోమలింగం లోపలినుంచి "గిన్నెలేం జేసినయే?" అన్నాడు.

క్షమాపణ అడగలేదు కాబట్టి ఇచ్చే పని లేదు. అడిగినా ఇప్పుడివ్వను.

అమూల్యతో మాత్రం చెప్పు: తప్పు దానిది కాదని, భాగ్య ఆంటీ రాసిందని. ఆ పిల్ల దిగడం రాక పడలేదు. నేర్పడం మనం మానేశాం. నేను దానితో ముందే చెప్పాల్సింది. నీతో గొడవపడటంలో ఆ పిల్ల ఏమనుకుంటోందో ఆలోచించలేదు. అందుకు దానికి మొక్కాలి నేను.

మా మిల్లుల వెనక ఖాళీ స్థలంలో పిల్లలు మళ్ళీ చేరుతున్నారు. ఒడియా పిల్లలు, మరాఠీ పిల్లలు, మన పద్మశాలీల పిల్లలు, అంతా కలిపి పంతొమ్మిది మంది, ఎక్కువగా ఆడపిల్లలే. మొదటిరోజే ఒకావిడ "ఖేల్ కబ్ షురూ హోగా?" అంది, ఆట ఎప్పుడు మొదలని. "బీస్ మినిట్ కే బాద్" అన్నాను, ఇరవై నిమిషాలయ్యాకని. విసుక్కుంది. ఆమె వెళ్ళిపోతే పోనీ అనుకున్నాను. పోలేదు.

నువ్వు గేటు దగ్గర ఆగి చూశానని రాశావు. చూసి బ్యాంకుకు వెళ్ళావా? ఆ పిల్లల్లో ఇంకొకరి మోకాలు పోతే ఈసారి ఎవరి పేరు రాస్తావు? నాకు నీ కన్నీళ్ళు వద్దు. ఆ పిల్లలకు ఆ ఇరవై నిమిషాలు ఇప్పించు. గ్రౌండు ఇవ్వకపోతే రోడ్డు మీద చేయించు. చేశాక రాయి. చెయ్యకపోతే రాయకు.

భాగ్య

అడాజన్, సూరత్
22 నవంబరు 2021

భాగ్యా,

చేశాక రాయమన్నావు. రెండు నెలలు పట్టింది.

గ్రౌండు సమయం పెంచమంటే కమిటీ ఒప్పుకోలేదు. కొత్త కోచ్ మంచివాడే, "నలభై అయిదులో ఇరవై తీస్తే నా ఉద్యోగం పోతుంది మేడమ్" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. సరే, నీ నలభై అయిదూ ఉంచుకో, పిల్లల్ని ఇరవై నిమిషాలు ముందే రమ్మంటాను, నా దగ్గరికి అన్నాను. చోటెక్కడ? బి-బ్లాక్ కింద పార్కింగ్. నాలుగు కార్ల ఓనర్ల ఇళ్ళకు వెళ్ళి, వారానికి మూడు ఉదయాలు బండ్లు బయట పెట్టమని అడిగాను. ఇద్దరు పెట్టారు. ఒకాయన నా ముఖం మీదే తలుపేశాడు. ఇంకొకాయన లిఫ్టులో ఎవరితోనో "మేనేజర్ మేడమ్ పీటీ టీచర్ బన్ గయీ" అని, పీటీ టీచరైపోయిందని నవ్వాడు. నేను పక్కనే ఉన్నాను. "హా, బన్ గయీ. ఆప్ కీ బేటీ కో భేజియే" అన్నాను, మీ అమ్మాయిని పంపండని. ఇంకా ఏదో అన్నాను, అది ఉత్తరంలో రాసేది కాదు.

మొదటి ఆదివారం ముగ్గురు వచ్చారు. ఇప్పుడు పదకొండు మంది. కరోనా ముందు యోగా క్లాసుకి కూడా వెళ్ళనిదాన్ని, నలభై మూడేళ్ళ వయసులో ఫిజియో ఇచ్చిన కాగితం స్తంభానికి అంటించుకుని, అది చూస్తూ వాళ్ళ ముందు చేస్తున్నాను. ఒంటికాలి మీద నిలబడితే ఊగిపోతాను. పిల్లలు నా మడమలు పట్టుకుంటే ముందుకు వాలబోయి బొక్కబోర్లా పడ్డాను. నవ్వనీ అనుకున్నాను.

నీ మాట అమూల్యకు చెప్పాను. నీ ఉత్తరమే చేతికిచ్చాను. చదివి, మడిచి, తన పుస్తకంలో పెట్టుకుంది.

నిన్న దూకడం నేర్పుతున్నాను. రెండు కాళ్ళతో ఎగిరి, దిగి, కదలకుండా నిలబడాలి. నేను ఎగిరి దబ్బున పడ్డాను, మూడో అంతస్తు నుంచి బియ్యం బస్తా వేసినట్టు. అప్పుడు లిఫ్టు తలుపు తెరుచుకుంది. అమూల్య. ఇప్పుడు కర్రలు లేవు, మోకాలికి పట్టీ ఒకటే. స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకుని చూసింది. ఇంకోసారి ఎగిరాను. మళ్ళీ దబ్బుమంది.

"ఐసే నహీఁ, మమ్మీ!"

నాలుగు నెలల్లో అది నాతో అన్న మొదటి పెద్ద మాట. అరిచింది. పార్కింగంతా మోగింది.

"అట్లా కర్రలా దిగితే పోతుంది మోకాలు. వంచు. కుర్చీలో కూర్చోబోయినట్టు వంచు. మోకాలు బొటనవేలు కంటే లోపలికి రావద్దు. చప్పుడు రావద్దు. మళ్ళీ."

ఎగిరాను.

"చప్పుడు వచ్చింది. మళ్ళీ."

ఆరుసార్లు ఎగిరించింది భాగ్యా. పిల్లలు నోటికి మాస్కు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. అది నవ్వలేదు. దాని కళ్ళలో నీళ్ళు, గొంతులో కోపం. ఆ కోపమంతా నాకు రావాల్సిందే. ఇన్నాళ్ళూ తలుపు వెనక దాచుకుంది, నిన్న బయటికి తెచ్చి నా ముఖాన కొట్టింది. నేను చీర చెంగు నడుముకు బిగించి మళ్ళీ మళ్ళీ ఎగిరాను. ఏడోసారి చప్పుడు రాలేదు.

అది తల ఊపను కూడా లేదు. పిల్లల వైపు తిరిగి "హసనా బంద్ కరో, లైన్ మేఁ ఆ జావ్" అని, నవ్వు ఆపి లైన్లోకి రమ్మంది. నన్ను పక్కకు జరగమని చెయ్యి ఊపి, నేను నిలబడే చోట తను నిలబడింది. తను దూకకూడదు కాబట్టి మాటలతోనే ఒక్కొక్కరినీ దించింది, ఒక్కొక్కరి మోకాలి దగ్గరా వంగి చూసింది.

నేను వెళ్ళి లైన్లో చివర నిలబడ్డాను.

ఊర్మి